కాన్పు తర్వాత గర్భనిరోధం: బాలింతలు, వారి కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని జాతీయ స్థాయిలో చేపట్టిన మొదటి దేశం మనదే. 1952లో అది మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా, మొదటి కాన్పు అయి బిడ్డనెత్తుకుని ఇంటికి బయలుదేరే బాలింతకు పథ్యం గురించి, టీకాల గురించి చెప్పేవారు పదిమంది కనిపిస్తారు గాని, మళ్లీ గర్భం ఎప్పుడు రావచ్చో, అప్పుడే వద్దనుకుంటే ఏయే మార్గాలున్నాయో విడమరిచి చెప్పేవారు అరుదు. తెలుగు రాష్ట్రాల్లో ఈ లోటు మరీ ఎక్కువ. ఇక్కడ గర్భనిరోధమంటే ఇద్దరు పిల్లల తర్వాత చేయించుకునే ఆపరేషన్ అనే అర్థమే స్థిరపడిపోయింది. మొదటి కాన్పుకూ రెండో కాన్పుకూ మధ్య ఉన్న కాలాన్ని ఎవరూ పట్టించుకోరు. కింది ప్రశ్నలన్నీ ఎక్కువగా ఆ కాలానికి సంబంధించినవే.

కాన్పు అయిన ఎన్నాళ్లకు మళ్లీ గర్భం రావచ్చు?

చాలామంది అనుకునే దానికంటే ముందుగానే రావచ్చు. బిడ్డకు తన పాలు పట్టని తల్లిలో కాన్పు అయిన 25వ రోజుకే అండం విడుదలైన సందర్భాలు వైద్య అధ్యయనాల్లో నమోదయ్యాయి. సగటు చూస్తే 45 నుంచి 94 రోజుల మధ్య ఉంటుంది. అందుకే పాలివ్వని తల్లికి 21 రోజులు దాటాక రక్షణ అవసరమని వైద్యులు లెక్క వేస్తారు. పాలిచ్చే తల్లిలో అండం విడుదల ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమన్నది పాలు ఎన్నిసార్లు పడుతున్నారన్న దానిమీద ఆధారపడుతుంది.

నెలసరి ఇంకా మొదలే కాలేదు. అయినా జాగ్రత్త పడాలా?

పడాలి. అండం విడుదలైన సుమారు రెండు వారాలకు గాని నెలసరి రాదు. అంటే నెలసరి వచ్చిందని మనకు తెలిసేలోపే గర్భం నిలిచే అవకాశం ఒకసారి దాటిపోయి ఉంటుంది. కాన్పు తర్వాత నెలసరి కనిపించకుండానే మళ్లీ గర్భవతి అయిన స్త్రీకి నెల తప్పిందన్న అనుమానం కూడా రాదు. పాలిస్తున్నాను కాబట్టి రాలేదనుకుంటూ నాలుగైదు నెలలు గడిపేసి, కడుపులో కదలిక తెలిశాక ఆస్పత్రికి వచ్చే తల్లులు ఉన్నారు. అప్పటికి నిర్ణయం తీసుకునేందుకు మిగిలిన సమయం చాలా తక్కువ.

పాలిస్తున్నంత కాలం గర్భం రాదని పెద్దవాళ్లు చెబుతారు. అది నిజమేనా?

సగం నిజం. ఆ సగం చాలా గట్టిది కూడా. మూడు షరతులు ఒకేసారి నెరవేరితే తల్లిపాలు గర్భాన్ని 98 శాతం వరకు ఆపగలవని 1988లో ఇటలీలోని బెలాజియోలో సమావేశమైన నిపుణులు తేల్చారు. ఆ షరతులు ఇవి: బిడ్డ వయసు ఆరు నెలల లోపు ఉండాలి, తల్లికి నెలసరి తిరిగి వచ్చి ఉండకూడదు, బిడ్డకు పూర్తిగా లేదా దాదాపు పూర్తిగా తల్లిపాలే పట్టాలి. పూర్తిగా అంటే పగలు నాలుగు గంటలకు మించి, రాత్రి ఆరు గంటలకు మించి ఎడం లేకుండా పట్టడం. మధ్యలో డబ్బా పాలు, ఆవుపాలు అలవాటు చేస్తే ఆ మేరకు రక్షణ తగ్గుతుంది.

చిక్కంతా ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలిన రెండూ పనికి రాకపోవడంలో ఉంది. మన ఇళ్లలో జరిగే పద్ధతి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయిని చాలా కుటుంబాల్లో మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి అత్తింటికి పంపుతారు. ఆరో నెలలో బిడ్డకు అన్నప్రాశన చేస్తారు. అన్నం ముద్ద నోట్లో పడిన రోజు నుంచి బిడ్డ తాగే పాలు తగ్గుతాయి. అంటే భార్యాభర్తలు మళ్లీ ఒకచోట ఉండటం మొదలయ్యే సమయమూ, తల్లిపాల రక్షణ సన్నగిల్లే సమయమూ దాదాపుగా ఒక్కటే. కాబట్టి అన్నప్రాశనకు ముహూర్తం చూసుకునేటప్పుడే, వీలైతే అంతకంటే ముందే, మరో గర్భనిరోధక పద్ధతిని మొదలుపెట్టి ఉండాలి.

కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎంత ఎడం ఉండాలి? ఎందుకు?

బిడ్డ పుట్టిన తర్వాత మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం 24 నెలలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. గర్భం మోసే తొమ్మిది నెలలు కలుపుకుంటే ఇద్దరు పిల్లల వయసుల మధ్య తేడా మూడేళ్లకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది.

ఈ లెక్క తల్లి ఒంట్లోని నిల్వలను దృష్టిలో పెట్టుకుని వేసినది. గర్భంలోనూ, కాన్పు సమయంలో పోయిన రక్తంతోనూ, పాలివ్వడంతోనూ తల్లి శరీరంలోని ఇనుము, ఫోలేట్ అనే విటమిన్ తరిగిపోతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి శరీరం కోలుకోకముందే రెండో గర్భం వస్తే రక్తహీనత ముదురుతుంది, నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. నష్టం కడుపులోని బిడ్డతోనే ఆగదు. చంకలో ఉన్న పెద్దబిడ్డకు పాలు మానిపించేస్తారు. ఏడాది కూడా నిండని ఆ బిడ్డ బరువు పడిపోవడం ఆ ఇంట్లో అందరూ చూస్తారు గాని, కారణం ఇదని గుర్తించరు.

సిజేరియన్ అయిన వారికి ఈ ఎడం ఇంకా ముఖ్యమా?

అవును. గర్భసంచి మీద పడిన కోత లోపల గట్టిపడటానికి సమయం కావాలి. పైన చర్మం మీద గాయం మానినంత మాత్రాన లోపల మానినట్టు కాదు. తక్కువ వ్యవధిలో మళ్లీ గర్భం వచ్చి నొప్పులు మొదలైతే ఆ పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం పెరుగుతుంది. అది తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. సిజేరియన్లు పెరిగిపోయిన మన ప్రాంతంలో ఈ మాట ప్రతి తల్లికీ డిశ్చార్జి రోజునే చెప్పాలి.

ఏ పద్ధతి కావాలో ఎప్పుడు నిర్ణయించుకోవాలి?

గర్భంతో ఉండగానే. నెలనెలా పరీక్షలకు వెళ్లేటప్పుడు, ఆరో నెలలోనో ఏడో నెలలోనో, ఏఎన్‌ఎంనో డాక్టర్‌నో అడిగి అన్ని పద్ధతుల గురించి విని, భర్తతో మాట్లాడుకుని, మనసు మార్చుకునే వ్యవధి కూడా ఉంచుకుని నిర్ణయించుకోవాలి. తీసుకున్న నిర్ణయాన్ని తల్లీబిడ్డల సంరక్షణ కార్డు మీద రాయించుకుంటే, కాన్పు మరో ఆస్పత్రిలో జరిగినా అక్కడి సిబ్బందికి తెలుస్తుంది.

ఈ విషయాన్ని ఇంతగా నొక్కి చెప్పడానికి కారణం ఉంది. అర్ధరాత్రి నొప్పులతో మెలికలు తిరుగుతున్న మనిషి ముందు ఒక కాగితం పెట్టి, కాపర్ టీ వేయమంటావా, ఆపరేషన్ చేయమంటావా అని అడిగితే ఆమె చెప్పే ‘అవును’ అవునూ కాదు, ‘కాదు’ కాదూ కాదు. ఆ క్షణంలో ఆమెకు కావలసింది నొప్పి తగ్గడం, బిడ్డ క్షేమంగా బయటపడటం. నొప్పులు తీవ్రంగా ఉన్నప్పుడూ, మత్తు మందు ప్రభావంలో ఉన్నప్పుడూ తీసుకున్న సంతకాన్ని అంగీకారంగా లెక్కించకూడదు. శాశ్వత ఆపరేషన్ విషయంలో ప్రభుత్వ మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి.

కాన్పు గదిలోనే కాపర్ టీ వేస్తారట. అది మంచిదేనా?

కాపర్ టీ అంటే గర్భసంచిలో అమర్చే, కొసన దారాలుండే చిన్న రాగి పరికరం. ముందుగా ఒప్పుకున్న తల్లికి మంచి పద్ధతే. మాయ పడిన 10 నిమిషాల లోపు గాని, కాన్పు అయిన 48 గంటల లోపు గాని, సిజేరియన్ అయితే కుట్లు వేసే ముందే గాని దీన్ని గర్భసంచిలో అమర్చవచ్చు. ఆ 48 గంటలు దాటిపోతే ఆరు వారాల వరకు ఆగాలి. కాపర్ టీల్లో 380ఏ రకం 10 ఏళ్లు, 375 రకం 5 ఏళ్లు పనిచేస్తాయి. గర్భాన్ని ఆపడంలో 99 శాతానికి పైగా నమ్మదగినవి. ఇందులో హార్మోన్లేమీ ఉండవు కాబట్టి పాల మీద ఎలాంటి ప్రభావమూ ఉండదు. మళ్లీ బిడ్డ కావాలనుకున్న రోజు తీయించుకుంటే చాలు.

కాన్పు వెంటనే వేసిన కాపర్ టీ జారిపోయే అవకాశం, మామూలు రోజుల్లో వేసిన దానికంటే ఎక్కువ. అందుకని ఆరు వారాలకు ఒకసారి పరీక్షకు వెళ్లడం తప్పనిసరి. కాన్పు తర్వాత గర్భసంచి కుంచించుకుపోయే కొద్దీ దాని దారాలు కిందికి దిగుతాయి. ఆ పరీక్షలో వాటిని చూసి, పొడవుగా ఉంటే కత్తిరిస్తారు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటిన తర్వాత కాన్పు అయినవారికి, జ్వరం లేదా గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికి, అధిక రక్తస్రావం అదుపులోకి రానివారికి అప్పటికప్పుడు వేయకూడదు.

నాకు చెప్పకుండానే కాపర్ టీ వేశారని తర్వాత తెలిసింది. ఏం చేయాలి?

అలా వేయడం తప్పు. తీయించుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది. కారణం చెప్పాల్సిన అవసరం లేదు, భర్త అనుమతి అక్కర్లేదు. తీసివేత ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. తీయకుండా పదేపదే తిప్పి పంపితే పైఅధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే తీయించుకునే ముందు, కావాలంటే, మరో పద్ధతి గురించి అదే రోజు అడగండి. తీయించుకున్న నెలలోనే గర్భం రావచ్చు.

చెప్పకుండా వేసిన ఒక్క కాపర్ టీ ఆ ఊళ్లో పదిమందిని ఆ పద్ధతికే దూరం చేస్తుంది. కార్యక్రమం నడిపేవారు అంకెల పట్టికలో ఒక గీత పెరిగిందని సంతోషించే ముందు ఈ నష్టాన్ని తలచుకోవాలి.

కాపర్ టీ పైకి పాకి గుండెకు చేరుతుందని, భర్తకు గుచ్చుకుంటుందని అంటారు. ఎంతవరకు నిజం?

గుండెకు చేరే దారి లేదు. గర్భసంచి మూతి సన్నగా ఉన్న కండరపు తిత్తి. కాపర్ టీ దాని లోపలే ఉంటుంది, లేదా కిందికి జారి బయటికి వస్తుంది. గర్భసంచి గోడకు రంధ్రం పడి పొట్టలోకి వెళ్లడం జరగదని చెప్పలేము గాని, అది చాలా అరుదు. అదీ ఎక్కువగా అమర్చే సమయంలోనే జరుగుతుంది. భర్తకు తగిలేది దారం కొస మాత్రమే. అది కత్తిరిస్తే సర్దుకుంటుంది.

నిజంగా ఉండే ఇబ్బంది వేరు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరిలో రక్తం కాస్త ఎక్కువ పోవచ్చు, పొత్తికడుపులో నొప్పి ఉండవచ్చు. రక్తహీనత తీవ్రంగా ఉన్నవారు ఈ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, తట్టుకోలేని కడుపునొప్పి, నెల తప్పడం, దారం చేతికి తగలకపోవడం, గట్టిగా ప్లాస్టిక్ కొస తగలడం: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

పాలిచ్చే తల్లి గర్భనిరోధక మాత్రలు వేసుకోవచ్చా?

ఏ మాత్ర అన్నది చూడాలి. మాలా–ఎన్ వంటి మాత్రల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు ఉంటాయి. పాలిచ్చే తల్లి వీటిని మొదటి ఆరు వారాల్లో అసలు వాడకూడదు. ఆరు నెలల వరకు కూడా సాధారణంగా వద్దంటారు. ఈస్ట్రోజెన్ వల్ల పాలు తగ్గే అవకాశం ఒక కారణం. కాన్పు తర్వాత తొలి వారాల్లో రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం సహజంగానే ఎక్కువగా ఉండటం, ఈస్ట్రోజెన్ దాన్ని ఇంకా పెంచడం రెండో కారణం. అందువల్ల పాలివ్వని తల్లి కూడా కనీసం మూడు వారాలు ఆగాలి. లావుగా ఉన్నవారు, సిజేరియన్ అయినవారు ఆరు వారాలు ఆగడం మేలు. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు ఈ మాత్రల జోలికి పోకూడదు.

ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే మాత్రలు పాలిచ్చే తల్లులకు తగినవి. కాకపోతే రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. రాత్రి నిద్ర సరిగా లేని చంటిపిల్ల తల్లికి ఆ నియమం పాటించడం ఎంత కష్టమో ఆ స్థితిలో ఉన్నవారికే తెలుస్తుంది. క్షయ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ ఈ మాత్రల శక్తిని తగ్గిస్తుంది కాబట్టి, ఆ చికిత్సలో ఉన్నవారు మరో పద్ధతి ఎంచుకోవాలి.

ఛాయ మాత్రలు ఎలా వాడాలి?

ఇది మన దేశంలోనే పుట్టిన మందు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమాన్ ఇందులో ఉంటుంది. మొదట సహేలి పేరుతో అమ్మకానికి వచ్చింది. తర్వాత ఛాయ పేరుతో ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఇది హార్మోన్ కాదు. పాలిచ్చే తల్లి కూడా కాన్పు తర్వాత ఎప్పుడైనా, నెలసరి రాకముందే కూడా మొదలుపెట్టవచ్చు.

మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలు, నాలుగో నెల నుంచి వారానికి ఒకటి. మొదటి మాత్ర ఆదివారం వేసుకుంటే రెండోది బుధవారం. మూడు నెలల పాటు వారంలో ఆ రెండు రోజులే గుర్తు పెట్టుకోవాలి, తర్వాత ఒక్క ఆదివారం చాలు. గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజుల చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టుకోవడం చాలామందికి అక్కరకు వచ్చే ఉపాయం. మరచిపోతే గుర్తు వచ్చిన వెంటనే వేసుకుని, మామూలు వరస కొనసాగిస్తూ, తర్వాతి నెలసరి వరకు కండోమ్ కూడా వాడాలి. ఏడు రోజులు దాటిపోతే మళ్లీ మొదటి నుంచి, అంటే వారానికి రెండు చొప్పున, మొదలుపెట్టాలి. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది. 15 రోజులకు మించి ఆలస్యమైతే గర్భ పరీక్ష చేయించుకోవాలి. అండాశయాల్లో నీటితిత్తులు ఉన్నవారు, ఈమధ్య కామెర్లు వచ్చినవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు దీన్ని వాడకూడదు.

అంతర ఇంజెక్షన్ వేయించుకుంటే తర్వాత పిల్లలు పుట్టరా?

పుడతారు, కాస్త ఆలస్యం కావచ్చు. అంతర మూడు నెలలకు ఒకసారి వేసే ఇంజెక్షన్. 2017లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. పాలిచ్చే తల్లి కాన్పు అయిన ఆరు వారాల తర్వాత మొదలుపెట్టవచ్చు. మానేశాక గర్భం రావడానికి చివరి ఇంజెక్షన్ నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టడం మామూలే. కాబట్టి ఏడాదిలోపే మరో బిడ్డ కావాలనుకునేవారికి ఇది తగినది కాదు. మూడేళ్ల ఎడం కోరుకునేవారికి బాగా సరిపోతుంది. మాత్రలు ఇంట్లో దాచుకోవడం ఇబ్బందిగా ఉన్న స్త్రీలు కూడా దీన్ని ఇష్టపడతారు.

ఇది వాడేవారిని ఎక్కువగా కలవరపెట్టేది నెలసరిలో వచ్చే మార్పు. మొదట్లో కొంచెం కొంచెంగా రక్తం కనిపిస్తూ ఉంటుంది, కొన్ని ఇంజెక్షన్ల తర్వాత నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు. చెడు రక్తం లోపలే నిలిచిపోయిందని ఇంట్లోవాళ్లు భయపెడతారు. లోపల నిలిచేది ఏమీ లేదు. గర్భసంచి లోపలి పొర పలచగా ఉండిపోవడం వల్ల బయటికి రావలసిన రక్తమే తయారు కాదు. ఈ మాట ఇంజెక్షన్ వేసే ముందు చెప్పి ఉంటే మొదటి డోసుతోనే మానేసేవారు చాలామంది కొనసాగించేవారు.

వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. మందు త్వరగా కరిగిపోయి పనిచేసే కాలం తగ్గుతుంది. తర్వాతి తేదీ రాసిన కార్డు భద్రంగా ఉంచుకోవాలి. ఆ తేదీకి రెండు వారాలు ముందుగా గాని, నాలుగు వారాలు ఆలస్యంగా గాని వెళ్లినా వేస్తారు. పుట్టింటికో పనుల కోసం మరో ఊరికో వెళ్లేటప్పుడు ఆ కార్డు సంచిలో పెట్టుకుంటే ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా చూపించి అడగవచ్చు.

చేతిలో పెట్టే ఇంప్లాంట్ దొరుకుతుందా?

అగ్గిపుల్లంత కడ్డీని మోచేతి పైభాగంలో చర్మం కింద అమరుస్తారు, మూడేళ్లు పనిచేస్తుంది. పాలిచ్చే తల్లికి కూడా తగినదే. ప్రభుత్వ కార్యక్రమంలో ఇది ఇటీవలే, కొన్ని రాష్ట్రాల్లోని కొన్ని జిల్లాల్లో మాత్రమే మొదలైంది. మీ జిల్లా ఆస్పత్రిలో ఉందేమో అడిగి తెలుసుకోవాలి.

కండోమ్ ఒక్కటే సరిపోతుందా?

ప్రతిసారీ, సరిగ్గా వాడితే సరిపోతుంది. చాలామంది ఆ ప్రతిసారీ అన్న మాట దగ్గరే తప్పుతారు. తల్లిపాల మీద ప్రభావం లేదు, సుఖవ్యాధుల నుంచి రక్షణ అదనం. మరో పద్ధతి మొదలుపెట్టేలోపు ఉన్న ఖాళీని పూడ్చడానికి ఇంతకు మించినది లేదు. ఆశా కార్యకర్త దగ్గర ఉంటాయి.

రెండో కాన్పుతోనే ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. చేయించుకోవచ్చా?

ఇక పిల్లలు వద్దని మీకు మీరుగా, స్థిరంగా నిర్ణయించుకుని ఉంటే చేయించుకోవచ్చు. కాన్పు అయిన ఏడు రోజుల లోపు, లేదా ఆరు వారాల తర్వాత చేస్తారు. సిజేరియన్‌తో పాటే కూడా చేయవచ్చు. నియమాల ప్రకారం మహిళ వయసు 22 నుంచి 49 ఏళ్ల మధ్య ఉండాలి, కనీసం ఒక బిడ్డ ఏడాది దాటి ఉండాలి. పుట్టిన బిడ్డ ఆరోగ్యంగా ఉందని నిర్ధారించుకున్నాకే చేయించుకోవడం వివేకం. ఆపరేషన్ తర్వాత కూడా మొదటి ఏడాదిలో వెయ్యి మందిలో సుమారు ఐదుగురికి గర్భం రావచ్చు. నెల తప్పితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆపరేషన్ విఫలమైతే నష్టపరిహారం ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది, దానికి గడువు ఉంటుంది కాబట్టి కాగితాలు దాచుకోవాలి.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసినది ఉంది. 2019–21 సర్వేలో దేశం మొత్తం మీద పెళ్లయిన స్త్రీలలో ఆపరేషన్ చేయించుకున్నవారు 37.9 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రలు, కాపర్ టీ, కండోమ్ వాడేవారందరినీ కలిపినా చాలా కొద్దిమందే. అంటే ఇక్కడి స్త్రీ జీవితంలో వాడే మొట్టమొదటి గర్భనిరోధక పద్ధతే చాలాసార్లు చిట్టచివరిది కూడా. చిన్న వయసులో పెళ్లి, ఎడం లేకుండా రెండు కాన్పులు, పాతికేళ్లు నిండీ నిండకముందే ఆపరేషన్. ఇది అలవాటుగా మారిన దారి గాని, నాలుగు మార్గాలు చూసి ఎంచుకున్న దారి కాదు. 30 ఏళ్లలోపు ఆపరేషన్ చేయించుకున్నవారిలో తర్వాత పశ్చాత్తాపపడేవారు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. బిడ్డను పోగొట్టుకుని, ట్యూబులు మళ్లీ అతికించమని వచ్చే తల్లికి డాక్టర్లు చెప్పగలిగే హామీ చాలా తక్కువ. మనసులో ఏ మూల సందేహం ఉన్నా పదేళ్లు పనిచేసే కాపర్ టీ వేయించుకుని, ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు.

ఆపరేషన్ ఎక్కడ చేస్తున్నారన్నది కూడా ముఖ్యమే. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర జరిగిన శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్న మహిళల్లో పదిమందికి పైగా మరణించారు. 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో మాన్పించాలని ఆదేశించింది. సౌకర్యాలున్న ఆస్పత్రిలో, శిక్షణ పొందిన డాక్టర్ చేత మాత్రమే చేయించుకోవాలి.

భర్త సంతకం లేకుండా చేయరా?

నియమాల ప్రకారం ఏ పద్ధతికీ, ఆపరేషన్‌కు కూడా, భర్త అంగీకారం తప్పనిసరి కాదు. మీ సంతకం చాలు. అయినా అడిగే ఆస్పత్రులు ఉన్నాయి. నియమం ఇదని మర్యాదగా గుర్తు చేయండి.

భర్త ఆపరేషన్ చేయించుకుంటే నీరసపడతాడంటారు. నిజమేనా?

కాదు. కోత, కుట్టు లేని పద్ధతిలో వేసెక్టమీ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఆ రోజే ఇంటికి వెళ్లవచ్చు. వీర్యంలో బీజకణాలు మాత్రమే ఆగుతాయి. హార్మోన్లు, కోరిక, బలం అన్నీ మునుపటిలాగే ఉంటాయి. కాకపోతే మూడు నెలల వరకు మరో పద్ధతి వాడి, పరీక్షలో బీజకణాలు లేవని తేలాకే నిశ్చింతగా ఉండాలి.

స్త్రీలకు పొట్ట తెరిచి చేసే ఆపరేషన్ కంటే ఇది తేలిక, ప్రమాదమూ తక్కువ. అయినా 2019–21 సర్వేలో దేశం మొత్తం మీద దీన్ని ఎంచుకున్న దంపతులు 0.3 శాతమే. తొమ్మిది నెలలు మోసి, కని, పాలిస్తున్న మనిషే కోత కూడా భరించాలని అనుకోవడంలో న్యాయం లేదు. కాన్పు సమయంలో భర్తతో ఈ మాట ఎత్తేవారే లేరు. ఎత్తితే వినే భర్తలు లేకపోలేదు.

అత్యవసర మాత్ర పాలిచ్చే తల్లి వేసుకోవచ్చా?

లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్రను కలయిక తర్వాత వీలైనంత త్వరగా, 72 గంటల లోపు వేసుకోవచ్చు. పాలు మానిపించనక్కర్లేదు. కాన్పు అయిన మొదటి 21 రోజుల్లో దీని అవసరం ఉండదు. ఇది అప్పుడప్పుడు ఆదుకునేదే. నెలనెలా వాడే పద్ధతి కాదు.

బిడ్డకు ఏడాది కూడా నిండలేదు, మళ్లీ గర్భం వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ముందుగా ఎన్ని వారాలో స్కానింగ్‌లో తెలుసుకోవాలి. గర్భం కొనసాగించాలనుకుంటే ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టి, గత కాన్పు సిజేరియన్ అయిందో కాదో డాక్టర్‌కు చెప్పి, పెద్ద ఆస్పత్రిలో కాన్పుకు ఏర్పాటు చేసుకోవాలి. కడుపుతో ఉన్న తల్లి పాలు చెడ్డవన్న మాట నమ్మి పెద్దబిడ్డకు ఒక్కసారిగా పాలు మానిపించవద్దు.

కొనసాగించలేని పరిస్థితి అయితే చట్టం మీకు దారి చూపుతుంది. గర్భనిరోధక పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని 20 వారాల వరకు తొలగించడానికి 1971 నాటి చట్టం, 2021 సవరణ అనుమతిస్తున్నాయి. మీ వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టర్ బాధ్యత. మందుల దుకాణంలో మాత్రలు తెప్పించుకుని ఇంట్లో వేసుకోవడం మాత్రం చేయవద్దు. ముందే రక్తం తక్కువగా ఉన్న బాలింతలో రక్తస్రావం ఆగకపోతే ఆస్పత్రికి చేరేంత వ్యవధి ఉండకపోవచ్చు.

గర్భస్రావం అయింది, లేదా పుట్టిన బిడ్డ దక్కలేదు. మాకు కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తిస్తాయి. ఈ మాట చాలా నెమ్మదిగా చెప్పవలసినది. పాలు తాగే బిడ్డ లేని తల్లికి తల్లిపాల రక్షణ ఉండదు కాబట్టి గర్భం ఇంకా త్వరగా రావచ్చు. గర్భస్రావం తర్వాత రెండు వారాల్లోనే అండం విడుదల కావచ్చు. వెంటనే మళ్లీ బిడ్డ కావాలన్న ఆరాటం, ఇంట్లోవాళ్ల తొందర రెండూ సహజమే. గర్భస్రావం తర్వాత కనీసం ఆరు నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ వ్యవధి కోసం కండోమ్, మాత్రలు, ఛాయ వంటివి వాడుకోవచ్చు. త్వరలోనే మళ్లీ గర్భం కోరుకుంటున్నారు కాబట్టి అంతర ఇంజెక్షన్ మీకు తగదు. ఈ ఆరు నెలల్లో రక్తం పరీక్ష చేయించుకుని ఇనుము మాత్రలు వాడండి. బిడ్డ ఎందుకు దక్కలేదో డాక్టర్‌ను అడిగి, చెప్పింది కాగితం మీద రాయించుకోండి. మళ్లీ గర్భం నిలిచాక మొదటి పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని వెంట తీసుకెళ్లాలి.